ఒండ్రు, గింజ, ఎముకల పొడి: నిజాంసాగర్ ఆయకట్టులో అపోహల చరిత్ర

ఒక ప్రాంతంలో జరిగిన సంఘటనలకు చరిత్రలో ఎంత చోటు దక్కుతుందో, జరిగాయని అక్కడి జనం నమ్మిన సంగతులకు కూడా అంత చోటు దక్కవలసి ఉంది. ఏ పంట వేయాలో, దేవుడి ముందు ఏ తీపి పెట్టాలో, పసిపిల్లల నోటికి ఏది అందకుండా దాచాలో చాలాసార్లు తేల్చింది ఆ నమ్మకాలే. మంజీర నదిపై నిజాంసాగర్ ఆనకట్ట నిలిచి తొమ్మిది దశాబ్దాలు దాటింది. ఆ నీళ్ళమీద వరి, చెరకు పండి, బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ వెలసి, నిజామాబాద్ పట్టణం వర్తక కేంద్రంగా పెరిగిన కాలంలోనే నీటి గురించి, చెరకు గురించి, చక్కెర గురించి కొన్ని అపోహలు తరాల తరబడి నిలిచాయి. వాటిలో కొన్ని వింటే నవ్వు వస్తుంది. అయితే నవ్వు పుట్టించే ఆ నమ్మకాలు పల్లెవాసులకే పరిమితం కాలేదు. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, చదువుకున్న పట్టణవాసులు కూడా వాటిలో పాలుపంచుకున్నారు, కొన్ని సందర్భాల్లో వారి పొరపాటుకే ఎక్కువ మూల్యం చెల్లించవలసి వచ్చింది.

తేలికైన వాటితో మొదలుపెడితే, నిజామాబాద్, నిజాంసాగర్, నిజాం షుగర్ ఫ్యాక్టరీ అన్న మూడు పేర్లూ ఒకే పాలకుడిని సూచిస్తాయన్న భావన చాలా సాధారణం. పట్టణానికి పాత పేరు ఇందూరు. హైదరాబాదును మన్మాడుతో కలిపిన గోదావరి లోయ రైలుమార్గం వచ్చిన తరువాత, 1905 ప్రాంతంలో ఆ పేరు నిజామాబాద్‌గా మారింది. అప్పుడు గద్దెమీద ఉన్నది 1869 నుంచి 1911 వరకు పాలించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది, చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమైంది. ఈ రెండూ ఆయన కుమారుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివి. పట్టణం పేరులోని నిజాం తండ్రి, జలాశయం పేరులోని నిజాం కొడుకు. కర్మాగారం నిజాం సొంత ఆస్తి అన్న మాట కూడా అలాంటిదే. హైదరాబాద్ రాష్ట్రంలో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చడానికి 1929లో కోటి రూపాయల మూలధనంతో ఏర్పాటైన పారిశ్రామిక ట్రస్టు నిధి అండతో నిలిచిన వాటాల కంపెనీ అది.

ఆనకట్ట కట్టింది ఎవరన్న ప్రశ్నకు చాలామంది మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబుతారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, 1909లో ఆయన నగరానికి సలహా ఇంజనీరుగా వచ్చి వరద నివారణకు ప్రణాళిక ఇచ్చినందువల్ల, రాష్ట్రంలోని ప్రతి పెద్ద జలాశయాన్నీ ఆయన ఖాతాలో వేయడం అలవాటైంది. నిజాంసాగర్ రూపకర్త మాత్రం హైదరాబాద్ రాష్ట్ర చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877లో పుట్టిన ఆయన ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి వచ్చారు, జాతీయ ప్రణాళికా సంఘం 1930ల చివర నదుల నియంత్రణ, సాగునీటిపై ఏర్పరచిన ఉపసంఘానికి అధ్యక్షత వహించారు, 1949లో కన్నుమూశారు. దేశమంతా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటుండగా, తెలంగాణ ఆయన జన్మదినమైన జూలై 11న కూడా జరుపుకుంటున్నది. ఆ గుర్తింపు దశాబ్దాల ముందే రావలసింది.

బోధన్ విషయంలో నమ్మకం ఇంకా వెనక్కి వెళుతుంది. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని, బండెడు అన్నం తిని భీముడు బకాసురుణ్ణి చంపింది ఈ నేలమీదేనని స్థానికులు చెప్పుకుంటారు. అదే ఏకచక్రం తమ ఊరేనని పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ ప్రాంతంవారూ చెప్పుకుంటారు కాబట్టి భీముడి సాక్ష్యం ఎవరికీ చెల్లదు. దీనికన్నా బలమైన ఆధారాలున్న గతం బోధన్‌కు వేరే ఉంది. బౌద్ధ గ్రంథాలు పేర్కొన్న పదహారు మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన ఉన్న ఒకే ఒక్క రాజ్యం అస్సక, అంటే అశ్మక. దాని రాజధాని పోదన లేదా పోతలి నగరాన్ని చాలామంది చరిత్రకారులు బోధన్‌గా గుర్తించారు. జైన సంప్రదాయం బాహుబలి రాజధానిగా చెప్పే పౌదనపురాన్ని కూడా ఇక్కడే వెదికినవారున్నారు. పదవ శతాబ్దం చివర గంగరాజుల మంత్రి చాముండరాయడు ఆ పౌదనపురంలో బాహుబలి మహావిగ్రహం ఉందన్న మాట నమ్మి తల్లిని వెంటబెట్టుకొని యాత్రకు బయలుదేరాడని, అక్కడికి చేరడం అసాధ్యమని తెలిసి శ్రవణబెళగొళలోనే విగ్రహం చెక్కించాడని జైన ఐతిహ్యం. కళ్ళతో ఎవరూ చూడని విగ్రహం మీది నమ్మకం కళ్ళెదుట నిలిచే మహాశిల్పానికి కారణమైందని ఆ ఐతిహ్యం చెబుతున్నది.

చెరకు సంగతికి వస్తే, లోకమంతటినీ శతాబ్దాలపాటు ఏలిన అపోహ ఒకటుంది: చెరకుకు గింజ ఉండదని. బంగారానికి సువాసన, చెరకుకు పండు పెట్టడం సృష్టికర్త మరచిపోయాడని సంస్కృత నీతిశ్లోకాలు చెప్పిన మాట తెలుగునాట పండితులకు, పామరులకు కూడా పరిచితమే. ఈ మాటకు రైతు అనుభవం కూడా బలమైన సాక్ష్యం ఇచ్చింది. చెరకును ఎవరూ గింజ చల్లి పెంచరు. రెండు మూడు కన్నులు ఉండేలా గడను ముక్కలుగా నరికి, ముచ్చెలుగా నాటుతారు. కన్ను అంటే గణుపు దగ్గర ఉండే మొగ్గ. దానినుంచే కొత్త పిలక లేస్తుంది. పూత వచ్చిన గడ బెండుబారి రసం తగ్గుతుందని తెలిసిన రైతు అంతదాకా ఆగకుండా పంట కొట్టేస్తాడు. ఎప్పుడైనా ఒక తోట వెన్ను తీసినా, ఆ తెల్లటి దూది వంటి కుచ్చులో దుమ్ముకణమంత గింజ దాగి ఉంటుందని ఎవరు వెదుకుతారు? దానికి తోడు ఉత్తర భారతంలో చెరకు పూసినా గింజ కట్టడం అరుదు. చెరకు గొడ్డుపైరు అని అందరూ నిర్ణయించుకోవడానికి కావలసినంత ఆధారం వారి కళ్ళముందే ఉంది.

వెస్టిండీస్‌లోని బార్బడోస్ ద్వీపంలో 1858లో ఒక తోట యజమాని చెరకు గింజనుంచి మొలచిన మొక్కలను చూశానని చెప్పినా శాస్త్రలోకం పట్టించుకోలేదు. జావాలో సోల్ట్‌వెడెల్ 1887లో, బార్బడోస్‌లో హారిసన్, బోవెల్ 1888లో గింజలను మొలిపించి చూపిన తరువాతగానీ ఆ నమ్మకం కూలలేదు. ఈ కథలో తెలుగు నేలకు ప్రత్యక్ష సంబంధం ఉంది. 1900 ప్రాంతంలో గోదావరి డెల్టా చెరకు తోటలను ఎర్రకుళ్ళు తెగులు తుడిచిపెట్టింది. గడను చీలిస్తే లోపల ఎర్రటి చారలు, వాటి మధ్య తెల్లని మచ్చలు, పులిసిన వాసన – ఇవీ ఆ తెగులు గుర్తులు. ముచ్చెలతో పెంచిన పైరులో ప్రతి మొక్కా తల్లికి అచ్చు నకలే కాబట్టి, ఒక మొక్కను చంపగల తెగులు ఊరి తోటలన్నిటినీ చంపగలదు. దీనికి విరుగుడు వెదకడానికి 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధనా క్షేత్రం వెలసింది. అక్కడ పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు సి. ఎ. బార్బర్ 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రాన్ని నెలకొల్పారు. ఆయనతో కలిసి టి. ఎస్. వెంకటరామన్ మెత్తని తీపి చెరకును నది ఒడ్డున తనంత తాను పెరిగే రెల్లుతో సంకరం చేయగా, 1918లో కో 205 అనే రకం పుట్టింది. పేరు ముందున్న ‘కో’ కోయంబత్తూరుకు గుర్తు. పొలంలో కనబడితే రైతు పెకలించి పారేసే రెల్లు ఆ విధంగా నేటి చెరకు రకాలకు పూర్వీకురాలైంది. బెట్టను, తెగులును తట్టుకునే శక్తి వాటికి దానినుంచే వచ్చింది. ఆ తరువాత వచ్చిన కో 419 దక్కను, దక్షిణ భారతం అంతటా వ్యాపించింది. శక్కర్‌నగర్ మిల్లు గానుగలు తిరగడం మొదలైన నాటికి, గింజ లేదనుకున్న పైరు గింజనుంచి పుట్టిన సంతతే దేశపు చెరకు పొలాలను నింపుతున్నది.

చెరకు తోటలోంచి మిల్లు గేటు దాటి లోపలికి వెళ్తే మరొక అపోహ ఎదురవుతుంది. చక్కెరకు అంత తెలుపు రావడానికి అందులో పశువుల బొక్కల పొడి కలుపుతారన్న మాట తెలంగాణ పల్లెల్లోనే గాక దేశమంతటా వినిపించేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నైవేద్యానికి బెల్లమే వాడాలని పట్టుబట్టే ఇళ్ళలో ఆచారంతో పాటు ఈ అనుమానం కూడా పనిచేసింది. దీన్ని వట్టి పుకారని కొట్టివేయడం న్యాయం కాదు, ఎందుకంటే దాని మూలం నిజమే. 19వ శతాబ్దపు ఐరోపా శుద్ధి కర్మాగారాల్లో ముడి చక్కెరను నీళ్ళలో కరిగించి, ఎముకలను గాలి తగలకుండా కాల్చి తీసిన బొగ్గుగుండా వడగట్టి రంగు పోగొట్టేవారు. అంతకు పూర్వం మడ్డి తేర్చడానికి ఎద్దు నెత్తురు వాడిన కాలం కూడా ఉంది. 1905లో స్వదేశీ ఉద్యమం లేచినప్పుడు, విదేశీ చక్కెరలో ఎముకలు, నెత్తురు ఉన్నాయన్న ప్రచారం ఆ చక్కెర బహిష్కరణకు ఆయుధమైంది. ఉద్యమం చల్లారాక కూడా ఆ అనుమానం మాత్రం నిలిచి, విదేశీ చక్కెరనుంచి స్వదేశీ చక్కెరమీదికి మళ్ళింది.

భారతదేశంలో చెరకు రసంనుంచి నేరుగా తెల్ల చక్కెర తీసే మిల్లుల్లో తెలుపుకు కారణం ఎముకలు కావు, సున్నం, గంధకం. గానుగలలో నలిగిన చెరకు ఒకవైపు రసంగా, ఇంకొకవైపు పిప్పిగా విడిపోతుంది. పిప్పి బాయిలర్ల కిందికి ఇంధనంగా పోతుంది. ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన మురికి రసాన్ని సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, దానిలో సున్నపు తేట పోస్తూ, కాల్చిన గంధకంనుంచి వచ్చే వాయువును పంపుతారు. సున్నం, గంధక వాయువు కలిసి తెల్లని అవక్షేపంగా ఏర్పడి, రసంలోని మలినాలను పట్టుకొని అడుక్కు దిగుతాయి. దీనికి సల్ఫిటేషన్ అని పేరు. పైన తేరిన రసాన్ని వరుస పాత్రల్లో ఇగిర్చి, చివరకు గాలి తీసేసిన కళాయిలో తక్కువ వేడిమీద ఉడికిస్తే పలుకులు కడతాయి. పలుకులు, మడ్డి కలిసి ఉన్న ఆ ముద్దను నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే జల్లెడ తొట్టిలో వేస్తే మడ్డి బయటికి చిమ్ముకుపోయి, తెల్లని పలుకు గోడకు అంటి మిగులుతుంది. మిల్లు గోడ బయట నిలబడినవారికి ఘాటుగా తగిలేది గంధకపు వాసన. లోపల ఏం జరుగుతుందో ఎవరూ విడమరచి చెప్పని చోట ఆ ఘాటుకు జనం తమకు తెలిసిన కథనే అతికించుకున్నారు.

బెల్లం విషయంలో అపోహ తలకిందులుగా ఉండడం గమనించదగినది. తెల్ల చక్కెరను అనుమానించిన వినియోగదారుడే అంగడిలో పసుపుపచ్చగా మెరిసే బెల్లాన్ని శుభ్రమైనదని ఏరుకొని, నల్లబెల్లాన్ని పక్కన పెట్టాడు. గానుగ దగ్గర పాతకాలపు వంటవాడు బెండకాడలను నలిపి నీళ్ళలో నానబెట్టి, ఆ జిగురు పొంగుతున్న రసంలో పోసి, పైకి తేలిన మడ్డిని జల్లిగరిటెతో తీసేవాడు. అలా వచ్చిన బెల్లం కాస్త ముదురు రంగుగానే ఉండేది. కొనేవారు లేత రంగు అడిగేకొద్దీ ఆ రంగుకోసం హైడ్రోస్ అనే రసాయనం కళాయిల్లోకి చేరింది. కొన్నవారి పొరపాటే వండేవారి చేత తప్పు చేయించింది.

తీపి తింటే కడుపులో పురుగులు పడతాయన్న మాట చక్కెర పండే ఈ ప్రాంతంలో కూడా ప్రతి తల్లి నోటా వినిపించేదే. ఏలికపాముల గుడ్లు మట్టినుంచి, కడగని చేతులనుంచి, కలుషితమైన నీటినుంచి నోట్లోకి వెళ్ళి కడుపులో పొదుగుతాయి. చక్కెరనుంచి పురుగు పుట్టదు. పిల్లవాడు మట్టి చేతులతోనే బెల్లంముక్క నాకుతాడు కాబట్టి నేరం బెల్లంమీద పడింది. 2015నుంచి ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్న జాతీయ కార్యక్రమం ఈ నమ్మకాన్ని పుస్తకాలకన్నా వేగంగా సవరిస్తున్నది.

ఆయకట్టు సమాజం గురించిన ఒక అపోహను మాత్రం ఇంత తేలికగా దాటవేయడానికి వీల్లేదు. ఆనకట్ట నీళ్ళు పారిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి రైతు కుటుంబాలు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి ఊళ్ళకు క్యాంపులు అన్న పేరు నేటికీ ఉంది. బీడుభూములను చదును చేసి, కాలువ కింద వరి, చెరకు పండించడంలో వారి శ్రమ, నేర్పు తిరుగులేనివి. దానినుంచి, వారు వచ్చేదాకా ఇక్కడివారికి వరి సాగే తెలియదన్న మాట ఎలాగో పుట్టి, చదువుకున్నవారి నోళ్ళలో కూడా స్థిరపడింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తవ్వించిన కాకతీయుల కాలంనుంచి తెలంగాణ వరి పండిస్తూనే ఉంది. చెరువు, తూము, మత్తడి – మత్తడి అంటే చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం – ఈ మూడింటి చుట్టూ ఊళ్ళు, వృత్తులు, నీటి పంపకపు కట్టుబాట్లు అల్లుకున్నాయి. చెరువు కింద ఆరుతడి లెక్క తెలిసిన రైతుకు, నెలల తరబడి పారే పెద్ద కాలువ కింద సాగు కొత్త. ఆ కొత్తదనాన్ని చేతకానితనంగా చెప్పడం చరిత్రకు ద్రోహం. వలసవచ్చినవారిని పొగడడానికి ముందునుంచీ ఉన్నవారిని చిన్నబుచ్చనక్కరలేదు.

ఇక నీటి మాట. ఆనకట్ట దిగువన 1950లలో జలవిద్యుత్ కేంద్రం వెలసింది. ఇలాంటి కేంద్రాలు వచ్చిన ప్రతిచోటా, కరెంటు తీసేసిన నీళ్ళలో సారం ఉండదని, ఆ నీళ్ళకు పంట సరిగా పండదని ఒక మాట పుట్టేది. భాక్రా ఆనకట్ట కట్టిన రోజుల్లో పంజాబు రైతుల మధ్య ఈ ప్రచారం సాగిందని రాజకీయ ప్రసంగాల్లో ఈనాటికీ చెప్పి నవ్విస్తుంటారు. శాస్త్రం ప్రకారం ఇందులో చర్చించడానికేమీ లేదు. ఎత్తునుంచి పడే నీటి వేగం టర్బైను రెక్కలను తిప్పుతుంది, తిప్పాక అదే నీరు, అదే పరిమాణంలో, అవే లవణాలతో కాలువలోకి దిగుతుంది. తగ్గేది నీటి ఎత్తు మాత్రమే.

అయినా ఆ మాట అన్న రైతును మూర్ఖుడని తోసిపుచ్చడంలో తొందరపాటు ఉంది. ఆనకట్ట రాకముందు మంజీర వరద పొలంమీదికి ఎక్కినప్పుడు బీదరు, మరాఠ్వాడా నల్లరేగళ్ళను కోసుకొచ్చిన ఒండ్రును పరిచి వెళ్ళేది. ఆ ఒండ్రు ఎరువులాంటిదని రైతుకు తెలుసు. జలాశయంలో నిలిచి, తేరి, తూముగుండా వచ్చే నీరు తేటగా ఉంటుంది, అందులో ఆ మట్టి ఉండదు. నైలు నదిపై ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట కట్టిన తరువాత ఈజిప్టు రైతులు కూడా ఈ నష్టాన్నే చూసి, ఎరువుల బస్తాలమీద ఆధారపడవలసి వచ్చింది. కాలువ నీటిలో ఏదో లోపించిందన్న రైతు పరిశీలన సరైనదే. కారణాన్ని కరెంటుకు అంటగట్టడంలోనే అతడు పొరబడ్డాడు. నీటినుంచి తప్పిపోయిన ఆ మట్టి ఎక్కడికి పోయిందన్న ప్రశ్న అతనికి కాకపోయినా, ఇంజనీరుకైనా తట్టవలసింది.

ఆ మట్టి ఆనకట్ట వెనకే ఉండిపోయింది. నిజాంసాగర్ కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యం సుమారు 29.7 టీఎంసీలు, ఒక టీఎంసీ అంటే నూరుకోట్ల ఘనపుటడుగుల నీరు. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టును ఆ నిల్వమీద ఊహించారు. నది ఏటా 530 ఎకరపుటడుగుల పూడిక మాత్రమే తెస్తుందని అంచనా వేశారు. ఎకరపుటడుగు అంటే ఒక ఎకరం విస్తీర్ణంలో అడుగు ఎత్తున నిలిచే పరిమాణం. సుమారు 23 వేల ఎకరపుటడుగులు కలిస్తే ఒక టీఎంసీ. ఆ లెక్క ప్రకారం ఒక్క టీఎంసీ పూడటానికి నలభై ఏళ్ళకు పైగా పట్టాలి. తరువాతి దశాబ్దాల్లో కొలిచి చూస్తే ఏటా చేరుతున్న పూడిక 8,725 ఎకరపుటడుగులని తేలింది. అంటే అంచనాకు పదహారు రెట్లకు పైగా. 1970ల తొలి భాగానికి జలాశయపు నిల్వ సుమారు 11.8 టీఎంసీలకు పడిపోయింది. నలభై ఏళ్ళలో ఒక టీఎంసీ లోపే పోతుందనుకున్న చోట పదిహేడుకు పైగా టీఎంసీలు మట్టి పాలయ్యాయి.

ఈ అపోహ ఏ ఒక్కరిదీ కాదు. తుంగభద్ర, మైథాన్, పాంచెట్ వంటి జలాశయాల్లో కూడా నిజమైన పూడిక అంచనాకు ఎన్నో రెట్లుగా తేలింది. అప్పటి పద్ధతిలో నదిలో తేలుతూ వచ్చే మట్టిని కొద్ది చోట్ల, కొద్ది కాలం కొలిచి, ఏడాది మొత్తానికి గుణించేవారు. ఒకే వరద రోజున నది మోసే మట్టి మిగిలిన నెలలన్నిటికన్నా ఎక్కువ కాగలదన్న సంగతి ఆ గుణకారంలో జారిపోయేది. పైగా పరీవాహక ప్రాంతంలో అడవులు తరిగి, పోడు, దుక్కి పెరిగేకొద్దీ కోత పెరుగుతుందన్నది ఏ పట్టికలోనూ చేరలేదు. అలీ నవాజ్ జంగ్ వంటి సమర్థుడు కూడా ఆ కాలపు శాస్త్రం ఇచ్చిన కొలమానంతోనే పనిచేశారు. ఆ రాతి కట్టడం ఇన్ని వరదలకు చెక్కుచెదరకుండా నిలవడమే ఆయన పనితనానికి సాక్ష్యం. లోపం రాతిలో లేదు, మట్టి లెక్కలో ఉంది.

దీనితో ముడిపడిన ఇంకొక తప్పుడు నమ్మకం ఇంజనీరింగ్ పాఠాల్లోనే చాలాకాలం నిలిచింది. తూము మట్టానికి దిగువన, ఎన్నడూ కాలువలోకి దిగని నీటి నిల్వను మృత నిల్వ అంటారు. వచ్చిన పూడిక అంతా ముందుగా ఆ అడుగుభాగంలోనే చేరుతుందని, అది నిండేదాకా పంటకు అందే నీటికి ఢోకా ఉండదని భావించేవారు. నిజానికి వడిగా వచ్చిన నది నిలిచిన నీటిని తాకగానే ముతక ఇసుకను, మట్టిని అక్కడే, జలాశయపు మొదట్లోనే దింపేసి డెల్టాలా పరుస్తుంది. ఆ పొర ఏటేటా ఆనకట్టవైపు జరుగుతూ వస్తుంది. కాబట్టి మొదటి సంవత్సరంనుంచే పూడిక పంట నీటి వాటాను తింటూ ఉంటుంది. వేసవిలో నిజాంసాగర్ పైభాగాన నీరు తగ్గినప్పుడు బయటపడి, పగుళ్ళు తేలే నల్లని మైదానం ఈ సూత్రానికి కంటికి కనబడే నిదర్శనం.

ఆయకట్టు చివరి భూములకు నీరందక ఎండిపోవడం మొదలైన తరువాత జనం నోట ఇంకో కారణం స్థిరపడింది: ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్ళను హైదరాబాదుకు మళ్ళించినందువల్లే నిజాంసాగర్ దెబ్బతిన్నదని. దీనిలో సగం నిజముంది. సుమారు 30 టీఎంసీల సింగూరు జలాశయం 1980ల చివర వచ్చాక దిగువకు ప్రవాహం తగ్గింది, తాగునీటి అవసరం సాగునీటిని వెనక్కి నెట్టింది. అయితే నిజాంసాగర్ తన నిల్వలో సగానికి పైగా కోల్పోయినట్టు తేలింది అంతకు దశాబ్దానికి పైగా ముందు. సింగూరును నిందించి ఊరుకున్నంతకాలం, మట్టిని ఆపే పని, అంటే ఎగువ వాగుల్లో చెక్‌డ్యాములు, గట్లు, అడవుల పునరుద్ధరణ వంటివి, ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. పూడికలో పోయినదాన్ని కొంతైనా తిరిగి రాబట్టడానికి పూర్తి నీటిమట్టాన్ని 1,405 అడుగులకు పెంచి, సామర్థ్యాన్ని సుమారు 17.8 టీఎంసీలకు చేర్చారు. చివరి భూములను ఆదుకోవడానికి గోదావరినుంచి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు రావలసి వచ్చింది.

శక్కర్‌నగర్ విషయంలో కూడా ఒక నమ్మకం ఇలాగే వాస్తవాన్ని కప్పివేసింది. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారం అన్న పేరు మీద పెరిగిన తరాలు, అంత పెద్దది ఎన్నటికీ మూతపడదని నమ్మాయి. సొంత చెరకు క్షేత్రాలతో, తన పేరు మీద వెలసిన కాలనీతో, బోధన్‌దాకా వచ్చిన రైలుతో నిలిచిన ఆ సంస్థలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు కూడా మూతపడ్డాయి. చెరకు రైతులు పెద్దసంఖ్యలో వరివైపు మళ్ళారు; వరికి కూడా కాలువ నీరు కావాలి, ఆ నీరు దాచే జలాశయం మాత్రం చిన్నదైంది.

చెరకు గింజ గురించిన అపోహ జావా, బార్బడోస్‌లలో తొలగింది, ఎముకల పొడి మాట నెమ్మదిగా తొలగుతున్నది, పట్టణం పేరు, ఇంజనీరు పేరు పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంతో సరిచేయవచ్చు. నిజాంసాగర్ గర్భంలో ఎంత మట్టి ఉందన్నది మాత్రం కొలిస్తేనే తెలిసే విషయం. ఆనకట్టమీద ఆధారపడిన లక్షల ఎకరాల రైతులకు ఆ లెక్క తెలుసుకునే హక్కుంది. నీటిపారుదల శాఖ ఐదేళ్ళకొకసారైనా జలాశయంలో పూడిక సర్వే జరిపించాలి. ఎంత నిల్వ మిగిలిందో, ఎన్ని ఎకరాలకు నీరు నిజంగా సరిపోతుందో తెలుగులో రాసి, పంట వేయకముందే ఆయకట్టులోని ప్రతి గ్రామ పంచాయతీ గోడమీద అంటించాలి.